సున్నం కింద గొర్రెపిల్ల



ఈ వారం మా మందిరానికి సున్నం వేసే పని మొదలైంది. క్రిస్మస్ ముందు ప్రతి యేడూ ఉండే పనే. యౌవనస్థులు కుర్చీలు, చాపలు బయటికి మోశారు. పాత డ్రమ్ములో సున్నం నానబెట్టి, తెల్లదనం కోసం కాస్త నీలిమందు కలిపారు. ఆ తడి సున్నం వాసన తగిలితే చాలు, మాకు ఒక తల్లి జ్ఞాపకం వస్తుంది. ఆమె ప్రభువు నందు నిద్రించి కొన్ని సంవత్సరాలైంది. ఆమె సంగతి ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఎందుకంటే అందులో మా తప్పు ఉంది. వారం వారం ఎదుటివాళ్ళ తప్పు గురించి బోధించే మేము, మా తప్పు మాత్రం దాచుకోవడం న్యాయం కాదనిపించి ఈసారి రాస్తున్నాము.

సెమినరీలో డిప్లొమా ముగించుకుని, పెళ్ళయిన కొత్తలో, ఈ సేవకుడూ ఆయన ఇల్లాలూ రెండు ట్రంకు పెట్టెలతో అనంతగిరికి వచ్చాము. అప్పటికి సూర్యాపేట జిల్లా ఏర్పడలేదు, మాది నల్లగొండ జిల్లా. మందిరం చిన్నది. పైన రేకులు, చుట్టూ సున్నపు గోడలు. అయితే వేదిక వెనక గోడ మాత్రం తెల్లగా లేదు. దాని మీద నిలువెత్తు బొమ్మ ఒకటి ఉండేది. పచ్చని గుట్ట, పక్కన నీలంగా పారే వాగు, ఎర్రని పైబట్ట కప్పుకున్న కాపరి, ఆయన భుజాల మీద ఒక గొర్రెపిల్ల. మాకంటే ముందు ఇక్కడ పరిచర్య చేసిన పెద్దాయన కోదాడ నుండి ఒక బోర్డు ఆర్టిస్టును పిలిపించి వేయించారట.

నిజం చెప్పాలంటే అది గొప్ప బొమ్మ కాదు. కాపరి ముఖం సినిమా బోర్డు మీద హీరో ముఖంలా ఉండేది. వాగు నీలం మరీ గాఢం. గొర్రెపిల్ల అయితే కొంచెం కుక్కపిల్లలా ఉండేది. మేము దాన్ని చూసిన మొదటి రోజే లోపల నవ్వుకున్నాము. రెండో యేడు క్రిస్మస్ ముందు సున్నం వేస్తున్నప్పుడు, ఆ గోడకు కూడా వేసేయమని చెప్పాము. ఆ ఆదివారం నిర్గమకాండము 20వ అధ్యాయంలో ఉన్న రెండో ఆజ్ఞ మీద గట్టిగా ప్రసంగించాము. కెంపులాంటి పాపాలు హిమంలా తెల్లబడతాయని యెషయా చెప్పిన సంగతి తీసుకుని, తెల్లని గోడే మన విశ్వాసానికి గుర్తు అన్నాము. అందరూ ఆమేన్ అన్నారు. మూడు పూతల సున్నంతో గుట్ట పోయింది, వాగు పోయింది, కాపరి పోయాడు, గొర్రెపిల్ల పోయింది. మాకు ఎంతో తృప్తి కలిగింది.

సంఘంలో ఒక అవ్వ ఉండేది. నాట్లకు, కలుపులకు, మిరపకోతలకు పోయి బతికేది. చదువు రాదు. స్త్రీల వైపు మూడో వరుసలో, గోడ పక్కన ఆమె చోటు. ఆ క్రిస్మస్ తర్వాత ఆమెలో ఒక మార్పు గమనించాము. ఆరాధన మొదలైన దగ్గర నుండి ముగింపు ప్రార్థన వరకు కళ్ళు మూసుకునే కూర్చునేది. పాటలప్పుడు, వాక్యం చెబుతున్నప్పుడు కూడా అంతే. ఎంత ప్రార్థనాపరురాలో అని మేము ఆశ్చర్యపడ్డాము. అంతటితో ఆగలేదు. ఒక ఉపవాస కూటంలో అందరి ముందు ఆమెను మాదిరిగా చూపించాము. మందిరంలో అటూ ఇటూ చూసే యౌవనస్థులు ఆ తల్లిని చూసి నేర్చుకోవాలని చెప్పాము. ఆమె తల వంచుకుంది. దాన్ని కూడా దీనత్వమే అనుకున్నాము.

దాదాపు ఏడాదిన్నర తర్వాత ఆమెకు జ్వరం వస్తే ప్రార్థన చేయడానికి ఇంటికి వెళ్ళాము. ప్రార్థన అయ్యాక టీ కలిపి ఇచ్చింది. మాటల్లో అమ్మగారు అడిగింది, "అవ్వా, మందిరంలో అంతసేపు కళ్ళు మూసుకుని ఏం ప్రార్థన చేస్తావ్?" అని. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా ఇలా అన్నది.

"ప్రార్థన గాదమ్మా. కళ్ళు తెరిస్తే గోడ తెల్లగ ఉంటది. మూసుకుంటే గొర్రెపిల్ల కనపడతది."

ఆమెకు ఒక్కడే కొడుకు. ఏడేళ్ళప్పుడు కాలువలో ఈతకు దిగి పోయాడు. మేము ఈ ఊరికి రాకముందు సంగతి. శవాన్ని గట్టు మీదికి తెచ్చినవాళ్ళు భుజాన వేసుకుని తెచ్చారట. తర్వాత ఎవరో ఆమెను మందిరానికి తీసుకొచ్చారు. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా ఆ బొమ్మ. ఒక మనిషి, ఆయన భుజం మీద ఒక పిల్ల. పిల్ల తల ఆమె వైపే తిరిగి ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి. "మావాడు గూడ అట్లనే ఆయన మీద ఉన్నడనుకున్న" అన్నది. అన్ని సంవత్సరాలు ఆదివారం ఆదివారం వచ్చి చూసుకునేది దాన్నే. మా ప్రసంగాలు ఆమెకు ఎంత అర్థమయ్యాయో తెలియదు. ఆ బొమ్మ మాత్రం అర్థమైంది. చదువురాని ఆ తల్లికి పదవ అధ్యాయం యోహాను సువార్త అంతా ఆ గోడ మీదే ఉంది. దాని మీద మేము మూడు పూతల సున్నం కొట్టాము.

"ముందే చెప్పొచ్చు గదా అవ్వా" అన్నాము. "మీరు అయ్యగారు గదా, మీకు తెల్వదా అనుకున్న" అన్నది. అందులో ఎత్తిపొడుపు లేదు. అదే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. సున్నం గురించి ప్రభువు చెప్పిన ఒక మాట ఉంది, మత్తయి 23వ అధ్యాయంలో. పైకి తెల్లగా కనబడే సమాధుల గురించి చెప్పిన మాట. గోడలు తెల్లబరిచే ఉత్సాహంలో ఆ మాట మాకు గుర్తు రాలేదు.

ఆ మరుసటి యేడు సంఘస్థులమంతా డబ్బులు వేసుకుని, మినీ బస్సు మాట్లాడుకుని మెదక్ చర్చి చూడటానికి వెళ్ళాము. మీలో చాలామంది చూసే ఉంటారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కరువు రోజుల్లో జనానికి పనీ అన్నమూ దొరికేలా పదేళ్ళు కట్టించిన మందిరం అది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. లోపల మూడు వైపులా మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి. ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన చేసినవి. ప్రభువు ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో పెట్టారు. బయట నుండి చూస్తే ఆ అద్దాలు నల్లగా, మాసిపోయినట్టు ఉంటాయి. లోపలికి వచ్చి వెలుగుకు ఎదురుగా నిలబడితేనే రంగులు కనబడతాయి. పొద్దు గూకితే లోపలున్నవారికి అవి కూడా చీకటే. సూర్యుడు ఉన్నంతసేపే ఆ బొమ్మలు ఉంటాయి.

మావాళ్ళంతా ఫొటోలు దిగుతున్నారు. అవ్వ మాత్రం సిలువ కిటికీ ముందు నిలబడి, కళ్ళు పూర్తిగా తెరిచి, చాలాసేపు చూసింది. తర్వాత మా దగ్గరకు వచ్చి, చిన్నగా అడిగింది.

"అయ్యగారూ, ఇవి గూడ బొమ్మలే గదా. వీటికి సున్నం ఎయ్యలేదా?"

మా దగ్గర జవాబు లేదు. సెమినరీలో సంఘ చరిత్ర చదివాము, విగ్రహాల గురించి జరిగిన వాదాలు చదివాము, పరీక్షలు రాశాము. అయినా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక, "టిఫిను చేద్దాం పద అవ్వా" అన్నాము.

తిరిగి వచ్చాక లేఖనాలు మళ్ళీ చదివాము, ఈసారి ప్రసంగం కోసం కాదు. నిర్గమకాండము 20లో విగ్రహాన్ని చేసుకోవద్దన్న దేవుడే 25లో మందసం మీద బంగారు కెరూబులను చేయమన్నాడు. 31లో యూదా గోత్రపు బెసలేలును పేరు పెట్టి పిలిచాడు, దాను గోత్రపు అహోలీయాబును అతనికి తోడిచ్చాడు. ఒక మనిషిని దేవుడు తన ఆత్మతో నింపానని ఒక పని నిమిత్తం చెప్పడం మనం బైబిల్లో మొదట చూసేది అక్కడే. ఆ మనిషి ప్రవక్త కాదు, యాజకుడు కాదు. చేతిపనివాడు. నీల, ధూమ్ర, రక్తవర్ణాల నూలుతో, బంగారంతో, చెక్కతో పని చేసేవాడు. మన పాత నల్లగొండ జిల్లాలోని పుట్టపాకలో తేలియా రుమాలు నేసేవాళ్ళను ఎరిగినవారికి ఆ అధ్యాయం ఇంకా బాగా అర్థమవుతుంది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి పిసికితేనే ఎరుపు, నలుపు గట్టిగా పడతాయి. రంగు పట్టించడం ఓర్పుతో కూడిన పని. ఆ ఓర్పు కూడా ఆత్మ ఇచ్చే వరమే అని లేఖనం చెబుతున్నప్పుడు, మేము దాన్ని ఒక్క పూటలో చెరిపేశాము.

అదే సమయంలో మరో సంగతి కూడా దాచకూడదు. సంఖ్యాకాండము 21లో మోషే దేవుని ఆజ్ఞ ప్రకారమే ఇత్తడి సర్పాన్ని చేశాడు. దాని వైపు చూసినవారు బతికారు. తరాలు గడిచాక జనం దానికే ధూపం వేయడం మొదలుపెడితే, హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేశాడు. 2 రాజులు 18లో ఆ సంగతి ఉంది. చేయించినవాడు దేవుడే, పగలగొట్టిన రాజును మెచ్చుకున్నవాడూ దేవుడే. కాబట్టి అడగాల్సింది బొమ్మ ఉందా లేదా అని కాదు. దాని ముందు నిలబడ్డ మనిషి హృదయం ఎక్కడ ఉందని. మేము అవ్వ హృదయం సంగతి అడగలేదు. గోడను మాత్రమే చూశాము.

మన తెలుగు నేల మీద చదువురానివారికి బొమ్మలతో కథ చెప్పడం కొత్తేమీ కాదు. చేర్యాల నకాషీలు బట్టకు చింతగింజల అంబలి, సుద్ద పట్టించి, ఎర్రని నేల మీద కథంతా వరుసగా బొమ్మలు గీసేవారు. కథ చెప్పేవాళ్ళు ఆ పటాన్ని ఊరూరా విప్పి, ఒక్కొక్క బొమ్మ చూపిస్తూ పాడేవారు. మన సంఘాల్లో కూడా అలాంటి సేవకుడు లేకపోలేదు. లూథరన్ సంఘపు పాస్టరు, వేదాంతి పి. సాల్మన్ రాజ్ గారు బతిక్ బట్టల మీద, చెక్క అచ్చులతో సువార్తను బొమ్మలుగా చేసి బోధించారు. 1921లో పుట్టిన ఆయన 2019లో ప్రభువు సన్నిధికి చేరారు. బతిక్‌లో మైనం పూసిన చోట రంగు అంటదు, వదిలిన చోట అంటుతుంది. ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో తెలియాలి. బోధకు కూడా ఆ తెలివి కావాలి. మాకు అప్పుడు లేనిది అదే.

ఇంకొకటి కూడా నేర్చుకున్నాము. రంగులకు పుస్తకంలో రాసిపెట్టిన అర్థం ఒకటే ఉండదు. మన పెళ్ళికూతురు తెల్లచీర కట్టుకుని మందిరంలోకి వస్తే మనకు పండుగ. మన వీధిలోనే పక్కింటి ముసలమ్మకు తెల్లచీర అంటే బొట్టూ గాజులూ పోయిన రోజు. కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల ఎరుపు ఒక రైతుకు కూతురి పెళ్ళి, ధర పడిపోయిన యేడు అదే ఎరుపు అప్పు. పొలం గట్టు మీద నిలబడిన రైతు ఆకు రంగు చూసే పైరు ఆకలి చెబుతాడు. ఆకు పసుపు తిరిగితే ఎరువు కావాలని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మనుషుల మనసు కూడా అంతే. ఏ రంగు పక్కన మనం ఏడ్చామో, ఏ రంగు పక్కన ఓదార్పు పొందామో, ఆ రంగు మనలో మిగిలిపోతుంది. సంఘకాపరి కూడా ఆ రైతులాగా చూడటం నేర్చుకోవాలి. కళ్ళు మూసుకున్న విశ్వాసిని చూసి మెచ్చుకునే ముందు, ఎందుకు మూసుకుందో అడగాలి.

కోదాడ వెళ్ళి ఆ పాత ఆర్టిస్టును వెతికాము. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు రాసే పని తగ్గిపోయింది. ఆయన ట్రాక్టర్ ట్రాలీల వెనక పేర్లు, ఇళ్ళకు రంగులు వేసుకుంటూ బతుకుతున్నాడు. మందిరానికి వచ్చి, గోడను అరచేత్తో తడిమి చూశాడు. పాత బొమ్మను మళ్ళీ పైకి తేగలమా అని అడిగాము.

"సున్నం కింద బొమ్మ ఉన్నది సార్. కానీ పైకి రాదు. గీకితే సున్నంతో పాటు అది గూడ ఊడొస్తది" అన్నాడు.

సంఘ పెద్దలతో కూర్చున్నాము. ముందుగా మా తప్పు ఒప్పుకున్నాము. ఒక పెద్దాయనకు మాత్రం భయం పోలేదు. వేదిక వెనక ప్రభువు ముఖం ఉంటే, రేపు పిల్లలు దానికే మొక్కుతారన్నాడు. అది వట్టి మొండితనం కాదు. ఆయన యౌవనంలో విగ్రహాలను విడిచి వచ్చినవాడు, అందుకోసం ఇంటినుండి వెలివేయబడినవాడు. ఆయన గాయం కూడా గాయమే. ఒకరి కన్నీటి కోసం ఇంకొకరి మనస్సాక్షిని తొక్కేయలేము. రెండు వారాలు మాట్లాడుకున్నాము. చివరికి దారి చూపించింది ఆ ఆర్టిస్టే. "వేదిక వెనక వద్దు, పక్క గోడ మీద వేస్త. కాపరిని వెనక నుంచి వేస్త. నడిచి పోతుంటడు, ముఖం కనపడదు. భుజం మీద పిల్ల మాత్రం మన వైపు చూస్తది" అన్నాడు. పెద్దాయన చాలాసేపు ఆలోచించి, తల ఊపాడు.

పక్క గోడ అంటే స్త్రీల వైపు, మూడో వరుస దగ్గర. నాలుగు రోజులు పట్టింది. డబ్బులు ఇవ్వబోతే రంగుల ఖర్చు తీసుకుని, కూలి వద్దన్నాడు. ఫ్లెక్సీ వచ్చాక తన చేత్తో బొమ్మ వేయమని ఎవరూ పిలవలేదట.

ఆదివారం అవ్వ వచ్చింది. తన చోట కూర్చుని, పక్కకు తిరిగి చూసింది. మేము వేదిక మీద నుండి చూస్తూనే ఉన్నాము. ఏదో పెద్ద ఓదార్పు మాట అంటుందని, మా తప్పు తీరిపోతుందని ఆశపడ్డాము. ఆరాధన అయ్యాక దగ్గరకు వెళ్ళి, ఎలా ఉంది అవ్వా అని అడిగాము.

"ఇది అది కాదు అయ్యగారూ" అన్నది. కాసేపు ఆగి, "అయినా ఇది గూడ మంచిగనే ఉన్నది. వాడు కొంచెం పెద్దగైనట్టు కనపడుతున్నడు" అన్నది.

ప్రియులారా, ఇంతకంటే గొప్ప క్షమాపణ మాకు దొరకలేదు. చెరిపేసింది తిరిగి రాదు. ఆమె ఆ మాట దాచలేదు. అయినా కొత్తదానిలో కొడుక్కి చోటు చేసింది. ఆ తర్వాత మూడేళ్ళు బతికింది. వాక్యం చెబుతున్నంతసేపూ కళ్ళు తెరుచుకునే ఉండేది. పాటలప్పుడు ఒక్కోసారి గోడ వైపు తిరిగేది. మందిరం నుండి ఆమెను మోసుకుపోయిన రోజున ఆ పెద్దాయన కూడా ఒక భుజం పట్టాడు.

ఆ తర్వాత మా పరిచర్యలో కొన్ని మార్పులు వచ్చాయి. ఆరాధనకు సహోదరీలు తెల్లచీరే కట్టుకోవాలన్న మా పట్టుదల వదిలేశాము. సండే స్కూలు పిల్లలకు ప్రతి వారం వాక్యభాగంతో పాటు రంగు పెన్సిళ్ళు ఇస్తున్నాము. వాళ్ళు గొర్రెకు ఊదారంగు వేసినా, అట్లా ఉండదని అనడం మానేశాము. రోగుల ఇంటికి వెళ్ళినప్పుడు, మంచంలో ఉన్నవారి కంటికి ఎదురుగా ఏముందో ఒకసారి చూస్తాము. అక్కడ మాసిన గోడ, పాత మందుల డబ్బాలే ఉంటే, కనీసం మంచం కిటికీ వైపు తిప్పమని ఇంటివాళ్ళకు చెబుతాము. పొలం పచ్చదనం కనబడుతుంది. దానికి ఖర్చు లేదు.

మీ ఇంట్లో కూడా ఒకసారి చూడండి. గోడ మీద వెలిసిపోయిన క్యాలెండరో, ఎవరో పిల్లవాడు గీసిన బొమ్మో, పాత చీర ముక్కో ఉండవచ్చు. మీకు అందంగా కనబడకపోవచ్చు. తీసి పారేసే ముందు, ఇంట్లో పెద్దవాళ్ళను ఒక్క మాట అడగండి. దాని మీద ఎవరి చూపు ఎన్నేళ్ళుగా ఆనుకుని ఉందో మనకు తెలియదు.

ఈ వారం సున్నం వేస్తున్న యౌవనస్థులు పక్క గోడ దగ్గరకు వచ్చి ఆగారు. ఇంకా తెలియని ఒక పిల్లవాడు బ్రష్షు ఎత్తబోతే, మిగతావాళ్ళు ఆపి, బొమ్మ చుట్టూ పాత పేపర్లు అంటించి, అంచుల దాకా జాగ్రత్తగా వేశారు. కాపరి పైబట్ట రంగు కాస్త వెలిసింది. గొర్రెపిల్ల మాత్రం ఇంకా మన వైపే చూస్తోంది.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మేఘంలో నీ ధనుస్సును రంగులతో నిలిపినవాడవు నీవే. పొలంలోని పువ్వును అలంకరించినవాడవు నీవే. తెలియక మేము చెరిపేసినవాటి విషయమై మమ్మును క్షమించుము. మా పక్కన కళ్ళు మూసుకుని కూర్చున్నవారి దుఃఖాన్ని చూసే కన్నులు మాకు దయచేయుము. కొడుకులను, కూతుళ్ళను పోగొట్టుకున్న తల్లులందరినీ నీ భుజముల మీద మోయుము. యేసు నామంలో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.